కర్నూలు పెద్దాసుపత్రికీ యూనివర్సిటీకీ మధ్య ఒక సంతకం కావాలి

అందరికీ నమస్కారం. ఈరోజు ఆసుపత్రి గురించే మాట్లాడుకుందాం. కానీ మందులు లేవు, మంచాలు చాలవు, లిఫ్టు పనిచేయలేదు లాంటి సంగతులు కాదు. అవి జిల్లా పేజీలో రోజూ వస్తూనే ఉన్నాయి, రావాలి కూడా. నేను అడగాలనుకున్నది వేరే. మన కర్నూలులో రోగి ఒకచోట, డాక్టరు చదువు ఒకచోట, సైన్సు ఒకచోట, ఇంజినీరింగు ఇంకోచోట ఉన్నాయి. అన్నీ ప్రభుత్వానివే, అన్నీ ఒకే ఊర్లోనే. మరి ఈ నలుగురినీ ఒక ఒప్పందం కింద కూర్చోబెట్టడానికి అడ్డం ఏముంది?

ఇట్లా కూర్చోబెట్టిన ఊరు ఒకటి ముందు చెప్తాను. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ అనే రాష్ట్రం, దాని రాజధాని బ్రిస్బేన్. అక్కణ్నుంచి ఉత్తరంగా సుమారు వంద కిలోమీటర్లు పోతే సన్‌షైన్ కోస్ట్ అనే ప్రాంతం వస్తుంది. పెద్ద జబ్బు చేస్తే అక్కడివాళ్లు కూడా బ్రిస్బేన్‌కు పరుగెత్తాల్సి వచ్చేది. మనవాళ్లు హైదరాబాద్ నిమ్స్‌కో, బెంగళూరుకో, కాట్పాడిలో దిగి రాయవేలూరుకో పోవడం లేదా, అట్లాగే. 2017లో అక్కడి ప్రభుత్వం సన్‌షైన్ కోస్ట్ యూనివర్సిటీ హాస్పిటల్ తెరిచింది. ఆ ఆవరణలోనే సన్‌షైన్ కోస్ట్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ కూడా పెట్టింది. దీంట్లో భాగస్వాములు నలుగురు. ఆసుపత్రిని నడిపే ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ ఒకటి. 1996లో విద్యార్థులను చేర్చుకోవడం మొదలుపెట్టిన స్థానిక యూనివర్సిటీ ఒకటి. గ్రిఫిత్ యూనివర్సిటీ ఒకటి, ఎంబీబీఎస్ లాంటి డాక్టరు చదువు వీళ్లది. నాలుగోది టేఫ్ క్వీన్స్‌లాండ్, అంటే మన ఐటీఐ, ఒకేషనల్ కోర్సుల లాంటివి నడిపే ప్రభుత్వ సంస్థ.

ఆ నాలుగో పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. డాక్టర్లు, ప్రొఫెసర్లు ఒక బల్ల దగ్గర కూర్చోవడం కొంతలో కొంత ఎక్కడైనా జరుగుతుంది. కానీ నర్సింగు పనికి, టెక్నీషియన్ పనికి శిక్షణ ఇచ్చే సంస్థను కూడా యూనివర్సిటీతో సమానంగా భాగస్వామిగా రాసుకున్నారు. నాకు ఆ ఒప్పందంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి అదే. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు మన ఊరికొద్దాం. కర్నూలు మెడికల్ కాలేజీ 1956లో మొదలైంది. ఆంధ్ర రాష్ట్రానికి మన ఊరు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ల చివర్లో పుట్టిన కాలేజీ అది. బుధవారపేటలో దాన్ని ఆనుకునే సర్వజన వైద్యశాల ఉంది, మనమంతా పెద్దాసుపత్రి అనేది దాన్నే. అక్కడికి మన జిల్లావాళ్లే కాదు, అటు నంద్యాల, గద్వాల, ఇటు రాయచూరు, బళ్లారి వైపు పల్లెలవాళ్లూ వస్తారు. ఓపీ చీటీల వరుసలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినబడతాయి. రాష్ట్ర క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా కర్నూలుకే వచ్చింది. రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో యూనివర్సిటీ అయింది. జగన్నాథగట్టు మీద 2015లో వచ్చిన ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది. ఆ ‘డీఎం’లో డీ అంటే డిజైన్, ఎం అంటే మాన్యుఫాక్చరింగ్, అంటే వస్తువును గీసి, చేసి చూపించే చదువు. బస్సెక్కితే ఒకచోట నుంచి ఇంకోచోటికి సినిమా చూసేంత టైం కూడా పట్టదు.

మరి ఎందుకు విడిపోయి ఉన్నాయి? ఎవరో కావాలని చేసింది కాదు. ఒకప్పుడు మన మెడికల్ కాలేజీ తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేది. ఫిజిక్సు, కెమిస్ట్రీ, జువాలజీ, మెడిసిన్ అన్నీ ఒకే గొడుగు. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో ఆ తరహా యూనివర్సిటీ అదే మొదటిది. ఇవాళ ఎన్టీఆర్ పేరుతో ఉన్నది అదే. దానివల్ల మేలు జరిగింది, కాదనను. సిలబస్ ఒకటైంది, పరీక్షలు ఒక పద్ధతికి వచ్చాయి. అయితే డాక్టరు చదువు పక్కింటి సైన్సు నుంచి విడిపోయింది. ఇప్పుడు మెడికల్ కాలేజీ వైద్య విద్య శాఖ కింద, యూనివర్సిటీ ఉన్నత విద్యా శాఖ కింద, ట్రిపుల్ ఐటీ కేంద్ర విద్యా శాఖ కింద. మూడు ఫైళ్లు మూడు ఆఫీసులకు పోతాయి. ఒక జువాలజీ ప్రొఫెసరు పెద్దాసుపత్రి వార్డులో అడుగు పెట్టాలంటే ఏ హోదాలో పెట్టాలో చెప్పే కాయితం లేదు. అడ్డం అంతా ఇక్కడే ఉంది.

దీనివల్ల రోగికి ఏమిటి నష్టం అంటారా? మన సీమకు బాగా తెలిసిన పాము కాటు సంగతే చూడండి.

శెనిక్కాయ పీకే రోజుల్లోనో, రాత్రిపూట మోటారు వేయడానికి చేనికి పోయినప్పుడో కాటు పడుతుంది. ఊర్లో తాడు బిగించి కట్టేస్తారు, కొందరు మంత్రం దగ్గరికి తీసుకుపోతారు. ఆ తాడు వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. చివరికి 108లో పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వస్తారు. అక్కడ డ్యూటీలో ఉండేది ఎక్కువగా పీజీ డాక్టరు, పాతికేళ్ల పిల్లో పిల్లోడో.

"ఏం పాము కరిచిందమ్మా?"

"చీకట్లో కనపడల్యా సార్. సుర్రుమనింది, అంతే."

పాము పేరు తెలియదు. అప్పుడు ఆ డాక్టరు చేసే పరీక్షకు పెద్ద మిషన్ ఏమీ అక్కర్లేదు. కొత్తది, శుభ్రమైనది, తడి లేనిది ఒక గాజు పరీక్షనాళిక కావాలి. ప్లాస్టిక్‌ది పనికిరాదు, ఎందుకంటే రక్తం గడ్డకట్టే పని మొదలయ్యేది గాజు గోడ తగిలితేనే. సబ్బుతో కడిగి వాడిన గాజు కూడా తప్పు ఫలితం ఇస్తుంది. రెండు మిల్లీలీటర్ల రక్తం అందులో పోసి కదిలించకుండా 20 నిమిషాలు పక్కన పెడతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డ కట్టి నిలిచిందా, సరే. నీళ్ల మాదిరి జారిందా, పింజరి విషం రక్తంలోకి ఎక్కినట్టే. యాంటీ వెనం, అంటే పాము విషానికి విరుగుడు మందు, వెంటనే ఎక్కించాలి. అది మామూలుగా ఎనిమిది, పది వయల్స్‌తో, అంటే చిన్న మందు సీసాలతో మొదలవుతుంది. ఆరు గంటల తర్వాత మళ్లీ గాజు నాళిక, మళ్లీ 20 నిమిషాలు. ఈలోపు మూత్రం ఎంత పోస్తున్నారో చూసుకోవాలి, రక్తపింజరి కిడ్నీల మీద పడుతుంది కాబట్టి. కట్లపాము అయితే ఇంకో కథ. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రి కరుస్తుంది, నొప్పి తెలియదు. తెల్లారేసరికి కడుపులో నొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి. రక్తం మాత్రం చక్కగా గడ్డ కడుతుంది. గాజు నాళికను ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ రోగిని పోగొట్టుకుంటాం.

ఇంతవరకూ వైద్యం. ఇక్కడి నుంచి పరిశోధన.

మన దేశంలో వాడే యాంటీ వెనం నాలుగు పాముల విషానికి విరుగుడు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఆ మందు తయారీకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం ఎక్కడిదో తెలుసా? చెన్నై దగ్గర ఇరుళర్ గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘానిది. ఎన్నో వేల ప్రాణాలు నిలబెట్టిన పని అది, వాళ్లకు దండం పెట్టాలి. కానీ పాము ఒకటే జాతి అయినా ప్రాంతాన్ని బట్టి విషం మారుతుందని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ల పరిశోధనల్లో తేలింది. తమిళనాడు తీరంలో పట్టిన పింజరి విషంతో చేసిన మందు, ఆలూరు చేలల్లో, ఎర్రమల కొండల్లో తిరిగే పింజరి మీద ఎంత బాగా పనిచేస్తోంది? ఎన్ని వయల్స్‌తో మన రోగి తేరుకుంటున్నాడు? ఎంతమందికి డయాలసిస్ దాకా పోతోంది? ఏ మండలం నుంచి వచ్చినవాళ్లకు ఎక్కువ?

ఈ ప్రశ్నలకు జవాబులు ఎక్కడో లేవు. పెద్దాసుపత్రి రికార్డు రూములో, కట్టలు కట్టిన కేస్ షీట్లలోనే ఉన్నాయి. వాటిని తీసి, చదివి, లెక్క కట్టేవాళ్లు కావాలి. అది స్టాటిస్టిక్స్ విద్యార్థి పని. మండలాల వారీగా మ్యాపు వేయడం జాగ్రఫీ విద్యార్థి పని. ఏ చేలల్లో ఏ పాము తిరుగుతుందో చూడటం జువాలజీ పని, అది కూడా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతితో. విషంలో ఏ ప్రొటీన్లు ఉన్నాయో చూడటం బయోకెమిస్ట్రీ పని. ఎవరిని మొదట ఐసీయూకు పంపాలో చెప్పడం మాత్రం డాక్టరు పని. ఇట్లాంటి పిల్లలంతా మన సీమ యూనివర్సిటీల్లో డిగ్రీలు చేస్తూనే ఉన్నారు. వాళ్ల ప్రాజెక్టు రిపోర్టులు బైండింగు చేసి షెల్ఫులో పెడుతున్నారు. ఇటు కేస్ షీట్లు రికార్డు రూములో దుమ్ము పడుతున్నాయి. మధ్యలో ఒక సంతకం లేదు.

2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో మన దేశంలో పాము కాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షల మంది. ఏడాదికి సగటున 58 వేలు. చావులు ఎక్కువున్న రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. 2024 మార్చిలో కేంద్రం పాము కాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. 2030 నాటికి చావులు సగానికి తగ్గించాలని లక్ష్యం. ఢిల్లీలో రాసిన ఆ లక్ష్యం ఆదోని దగ్గర పల్లెలో నెరవేరాలంటే, ఆదోని దగ్గర పల్లెల లెక్క తెలిసినవాళ్లు ఉండాలి కదా.

పాము కాటు ఒక్కటే అనుకోకండి. బేతంచెర్లలో, తాడిపత్రిలో నాపరాయి పాలిష్ చేసే మిషన్ల దగ్గర రోజంతా నిలబడేవాళ్ల ఊపిరితిత్తులు పదేళ్లకు, ఇరవై ఏళ్లకు ఎట్లా ఉంటున్నాయి? ఒకసారి ఆ పాలిష్ యూనిట్ దగ్గర పోయి నిలబడి చూడండి, రెప్పల మీద తెల్లగా పేరుకుంటుంది. ఫ్లోరైడ్ నీళ్ల సంగతి ఇంకా పాతది. మన దేశంలో ఎముకలను వంచే ఫ్లోరోసిస్‌ను డాక్టర్లు మొదటిసారి పత్రికకెక్కించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. అంటే మన పక్కనే. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా అని మన ప్రమాణం. అది కొలవడానికి డాక్టరు అక్కర్లేదు, కెమిస్ట్రీ ల్యాబు చాలు. కానీ ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్లను, మోకాళ్లను చూడాల్సింది డాక్టరే. ఇద్దరూ ఒకే ఊరికి ఒకే రోజు పోతే దానికి విలువ.

"ఇవన్నీ బయటి దేశాలకు బాగుంటాయి, మనకు సాగవు" అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు మూడు సంగతులు చెప్తాను. మూడూ మన దేశంలోవే, ఒకటైతే మన పక్కూరిదే.

తిరువనంతపురంలో శ్రీ చిత్ర తిరునాళ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ గుండె ఆసుపత్రి, బయోమెడికల్ ఇంజినీరింగ్ ల్యాబులు ఒకే సంస్థ కింద పెట్టారు. చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ల నొప్పులు వచ్చి, తర్వాత గుండె కవాటం పాడైన పేదపిల్లలు వార్డు నిండా ఉండేవాళ్లు. కృత్రిమ కవాటం విదేశాల నుంచి రావాలి, ఆ ధర వాళ్లు పెట్టలేరు. డాక్టర్ వలియత్తాన్ నాయకత్వంలో సర్జన్లు, ఇంజినీర్లు కలిసి సొంతంగా చేయడానికి పూనుకున్నారు. చేసినవి చేసినట్టు పాడయ్యాయి. ఒకదాని తర్వాత ఒకటి మూడు నమూనాలు పోయాయి. ఏళ్లు గడిచాయి. గొర్రెల మీద పరీక్షించి, నాలుగో నమూనాను 1990 డిసెంబరులో మొదటిసారి మనిషి గుండెలో పెట్టారు. ఇవాళ చిత్ర వాల్వు లక్షమందికి పైగా గుండెల్లో కొట్టుకుంటోంది. మూడుసార్లు పోయినా నాలుగోసారి చేయగలిగారంటే, ఎక్కడ విరిగిందో సర్జన్ చెప్పిన సాయంత్రమే ఇంజినీర్ వినగలిగాడు. ఇద్దరి జీతం ఒకే సంస్థ ఇచ్చింది. నా దృష్టిలో అదే అసలు కారణం.

రెండోది చిన్నపిల్లల విరేచనాల టీకా, రోటావాక్. ఆ వైరస్ రకం దొరికింది ఢిల్లీ ఎయిమ్స్‌లో, పుట్టిన పిల్లల దగ్గర. వైరస్ సోకినా ఆ పిల్లలకు విరేచనాలు కాలేదు. ఎందుకని ఎవరో అడిగారు. అక్కణ్నుంచి అది హైదరాబాద్ భారత్ బయోటెక్ దాకా వచ్చింది. ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది పిల్లల మీద మూడో దశ పరీక్ష జరిగింది. 2016లో ప్రభుత్వ టీకాల్లో చేర్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మీ ఇంట్లో ఆ తర్వాత పుట్టిన బిడ్డ ఉంటే ఆరో వారంలో నోట్లో చుక్కలుగా రోటా టీకా వేయించే ఉంటారు.

మూడోది అనంతపురం పక్కన బత్తలపల్లి. 1969లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, అదే ఆర్డీటీ, అక్కడ ఆసుపత్రి నడుపుతోంది, తెలియనివాళ్లు లేరు. హెచ్‌ఐవీ రోగులు బాగా వస్తున్న కాలంలో అక్కడి డాక్టర్లు ప్రతి రోగి వివరాలనూ ఒక పద్ధతిగా కంప్యూటర్లో పెట్టారు. ఆ రికార్డుల నుంచే ఒక అధ్యయనం నడిచింది, పేరు విన్సెంట్ ఫెర్రర్ హెచ్‌ఐవీ కోహార్ట్. కోహార్ట్ అంటే ఏళ్ల తరబడి గమనిస్తూ పోయే ఒక రోగుల గుంపు. జబ్బు ఉందని తేలినవాళ్లలో మందు మొదలుపెట్టేలోపే ఆసుపత్రికి రావడం మానేసేవాళ్లు ఎవరు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ తేడా ఏముంది, క్షయ ఎవరికి కలిసి వస్తోంది, ఇట్లాంటివన్నీ అనంతపురం పల్లెల లెక్కలతో అంతర్జాతీయ పత్రికల్లో అచ్చయ్యాయి. అద్దాల బిల్డింగు కట్టి చేసిన పని కాదది. రాసుకోవడం సరిగ్గా చేశారు, అంతే. ఒక పల్లెటూరి స్వచ్ఛంద సంస్థ చేయగలిగింది వెయ్యి మంచాలు దాటిన ప్రభుత్వ ఆసుపత్రి చేయలేదా?

ఇప్పుడు టేఫ్ సంగతి, అదే ఆ ఆస్ట్రేలియా ఒప్పందంలో నాలుగో భాగస్వామి. పెద్దాసుపత్రిలో ఒక రోగి చుట్టూ తిరిగేవాళ్లను గమనించండి. సెలైన్ కట్టేది స్టాఫ్ నర్సు. రక్తం తీసేది ల్యాబ్ టెక్నీషియన్. ఎక్స్‌రే తీసేది రేడియోగ్రాఫర్. పక్షవాతం వచ్చినవాళ్లను నడిపించేది ఫిజియోథెరపిస్టు. వీళ్లంతా వేర్వేరు కాలేజీల్లో, ఒకరి ముఖం ఒకరు చూడకుండా చదివి, ఉద్యోగంలో చేరిన మొదటిరోజు వార్డులో కలుస్తారు. ఇందాక చెప్పిన గాజు నాళికనే తీసుకోండి. డాక్టరుకు 20 నిమిషాల సంగతి తెలిసి, టెక్నీషియన్ ప్లాస్టిక్ ట్యూబు అందిస్తే ఆ పరీక్ష దండగ. నర్సు ఆ నాళికను పక్కకు జరిపి కదిపినా దండగే. ముగ్గురూ ఒకే గదిలో, బొమ్మ రోగి మీద కలిసి నేర్చుకుంటే ఆ పొరపాటు ఎందుకు జరుగుతుంది? 2021లో పార్లమెంటు ఈ టెక్నీషియన్ల చదువులకు, వృత్తులకు ఒక జాతీయ కమిషన్ చట్టం తెచ్చింది. చట్టం వచ్చింది కాబట్టి వాళ్లను ఒప్పందంలో సమాన భాగస్వాములుగా రాయడానికి అడ్డం కూడా లేదు. మన జీఎన్‌ఎం చదివిన అమ్మాయిలు గల్ఫ్‌కు, ఇంగ్లండుకు పోయి అక్కడి ఆసుపత్రుల్లో మంచి పేరు తెచ్చుకుంటున్నారు. ఆ శిక్షణ గది మన ఊర్లో ఉంటే ఆ నైపుణ్యంలో కొంతైనా మన వార్డులకు దక్కుతుంది.

సరే, ఒప్పందంలో ఏం రాయాలి? నా మాట నిక్కచ్చిగా చెప్తాను. బిల్డింగు చివర్లో. మన దగ్గర ఏది తలపెట్టినా ముందు స్థలం, శంకుస్థాపన, శిలాఫలకం. పదేళ్లకు గోడలు లేస్తాయి, లోపల కూర్చునేవాళ్లు ఉండరు. దీన్ని తిరగేయాలి. ముందు మనుషులు, తర్వాత రికార్డులు, తర్వాత ల్యాబు, అవసరం పడితే బిల్డింగు.

మనుషులంటే ఏమిటి? ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి పీజీ డాక్టరూ థీసిస్ రాయాలి, అది రూలు. ఏటా మన మెడికల్ కాలేజీ నుంచి ఎన్నో థీసిస్‌లు వస్తాయి. చాలావాటికి టాపిక్ ఎక్కడిది? సీనియర్ రాసినదాన్ని కొంచెం మార్చిందే. తప్పు ఆ పిల్లలది కాదు, డ్యూటీలు చేసి చేసి నిద్రలేనివాళ్లకు లెక్కలు చూసుకునే తీరిక ఎక్కడ? అదే థీసిస్‌కు మెడికల్ కాలేజీ గైడుతో పాటు యూనివర్సిటీ నుంచి ఒక కో-గైడు ఉండాలని ఒప్పందంలో రాయండి. ఎంఎస్సీ విద్యార్థి ప్రాజెక్టుకు డాక్టరు కో-గైడు. ప్రశ్న వార్డు నుంచి వస్తుంది, లెక్క యూనివర్సిటీ చేస్తుంది. ఇద్దరికీ డిగ్రీ వస్తుంది, ఊరికి జవాబు వస్తుంది. సంస్థ బయటి నిపుణులను తీసుకోవడానికి యూజీసీ 2022లోనే ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని దారి తెరిచింది. పేరున్న సర్జన్‌ను, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న డాక్టరును యూనివర్సిటీకి పిలవడానికి అది వాడుకోవచ్చు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఒక్కో డాక్టరు ఒక్క పూట ఓపీలో ఎంతమందిని చూస్తారో ఆ గది బయట నిలబడినవాళ్లకు తెలుసు. మళ్లీ పరిశోధన కూడా నెత్తిన పెడితే ఎట్లా? పెట్టకూడదు. కేస్ షీట్లను కంప్యూటర్లోకి ఎక్కించడం, రోగికి మూడు నెలల తర్వాత ఫోన్ చేసి కనుక్కోవడం, శాంపిళ్లు భద్రపరచడం, ఇవన్నీ వేరే మనుషుల పని అని ఒప్పందంలోనే తేల్చాలి. ఎంఎస్సీ చదివి ఉద్యోగం లేక కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే పిల్లలు మన సీమలో ఎంతమంది! ఇది వాళ్లకు గౌరవంగా దొరికే పని. జీతాలకు డబ్బు ఎక్కడిదంటే, దారులున్నాయి. ఐసీఎంఆర్, అంటే కేంద్ర వైద్య పరిశోధన మండలి గ్రాంట్లున్నాయి. కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో పరిశోధన యూనిట్లకు 2013 నుంచి పథకం నడుపుతోంది. 2023 చట్టంతో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. ఒంటరి మెడికల్ కాలేజీ అడిగినదానికన్నా, ఆసుపత్రి, యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ ముగ్గురూ కలిసి అడిగిన దరఖాస్తుకు బలం ఎక్కువ.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా ముఖ్యం, దీన్ని దాటేసి ముందుకు పోకూడదు. రోగి సమ్మతి.

పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లు ఎవరు? వేరే దారి లేనివాళ్లు. వాళ్ల మీద పరిశోధన అంటే నాకూ భయమే, ఎందుకంటే మన తెలుగు నేల మీదే ఒక చేదు అనుభవం జరిగింది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను ఒక ప్రాజెక్టు కింద ఆడపిల్లలకు వేశారు. అందులో హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు చాలామంది. సమ్మతి పత్రాల మీద సంతకాలు తల్లిదండ్రులవి కాదు, చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లవి. 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టును ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదా చెడ్డదా అనేది వేరే మాట, నిజానికి అది ఉపయోగపడే టీకానే. కానీ కన్నవాళ్లను అడగకుండా బిడ్డ చేతికి సూది గుచ్చడం ఎవరు ఒప్పుకుంటారు?

కాబట్టి మన ఒప్పందంలో సమ్మతి గురించి రాసే పేజీ అన్నిటికన్నా పెద్దదిగా ఉండాలి. సమ్మతి పత్రం తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో ఉండాలి. చదువు రానివాళ్లకు సాక్షి ముందు చదివి వినిపించాలి. "కాదంటే నాకు వైద్యం ఆపేస్తారా సార్?" అని రోగి అడగకముందే, "కాదన్నా మీ వైద్యం మీకు అందుతుంది" అని డాక్టరే ముందు చెప్పాలి. పరిశోధనలో రోగికి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీలో బయటి మనిషి, సామాన్యుడు ఒకరు ఉండాలని నిబంధన ఉంది. ఆ స్థానంలో ఎవరో రిటైరైన అధికారి కాకుండా, ఒక ఆశా కార్యకర్తనో, ఒక స్వయం సహాయక సంఘం లీడర్‌నో పెట్టమని అడుగుతాను. "ఈ కాయితం మా ఊరి అవ్వకు అర్థం కాదు" అని చెప్పగలిగేది వాళ్లే. కంప్యూటర్లోకి ఎక్కిన వివరాల్లోంచి పేరు, ఊరు, ఫోన్ నంబరు తీసేసిన తర్వాతే విద్యార్థి చేతికి ఇవ్వాలి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. హెచ్‌ఐవీ, క్షయ, మానసిక రోగాల వివరాలు ఒక్కటి బయటకు పొక్కినా పల్లెలో ఆ కుటుంబం తలెత్తుకోలేదు. అట్లా పొక్కితే ఎవరిది బాధ్యత అనేది పేరు పెట్టి, హోదా పెట్టి రాయాలి.

ఇంకో షరతు కూడా. ఏ మండలం రోగుల వివరాలతో పరిశోధన జరిగిందో, ఫలితం మొదట ఆ మండలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, తెలుగులో, రెండు పేజీల్లో వెళ్లాలి. విదేశీ పత్రికలో అచ్చు కావడం మంచిదే, కానీ ఆస్పరిలో ఉండే డాక్టరుకు, ఏఎన్ఎంకు అది చేరకపోతే ఆ రోగికి ఏం మిగిలింది? ఎంబీబీఎస్ విద్యార్థులు ఇప్పుడు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకుని చదువుకాలమంతా వాళ్ల ఆరోగ్యం కనిపెట్టుకోవాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన పెట్టింది. ఆ పిల్లలే ఈ ఫలితాన్ని ఊర్లోకి మోసుకుపోవచ్చు. పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలనే నిబంధన కూడా ఉంది. అంటే పల్లెకు, పెద్దాసుపత్రికి మధ్య రాకపోకలకు దారి ఇప్పటికే వేసి ఉంది. యూనివర్సిటీని ఆ దారిలోకి తేవడమే మిగిలింది.

కడప, అనంతపురం వాళ్లు ఈ వీడియో చూస్తూ ఉంటే, మీ దగ్గర కూడా ఇదే పరిస్థితి. కడపలో రిమ్స్ మెడికల్ కాలేజీ, యోగి వేమన విశ్వవిద్యాలయం రెండూ 2006లోనే వచ్చాయి, ఒకే ఈడువి. అనంతపురంలో 2000లో వచ్చిన మెడికల్ కాలేజీ ఉంది, ఎస్కేయూ ఉంది, జేఎన్‌టీయూ ఉంది, 2018 నుంచి సెంట్రల్ యూనివర్సిటీ కూడా ఉంది. ఎవరు ముందు సంతకం పెడితే వాళ్లు మిగతా ఇద్దరికీ దారి చూపినట్టే, దీంట్లో పోటీ పడినా మంచిదే.

మెడికల్ కాలేజీ ప్రిన్సిపల్ గారికి, ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి, వైస్ ఛాన్సలర్ గారికి, ట్రిపుల్ ఐటీ డైరెక్టర్ గారికి ఈ వీడియోలో చెప్పినవే ఒక విజ్ఞాపన పత్రంగా రాసి పంపుతున్నాను. మొదటి ఏడాదికి అడిగేది ఎక్కువేమీ కాదు. పాము కాటు మీద ఒకటి, పాలిష్ దుమ్ము మీద ఒకటి, ఫ్లోరైడ్ మీద ఒకటి, మూడు థీసిస్‌లకు ఇద్దరేసి గైడ్లు. వాటికోసం ఒక తెలుగు సమ్మతి పత్రం. నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్, మెడికల్ విద్యార్థులు కలిసి నేర్చుకోవడానికి వారానికి ఒక మధ్యాహ్నం, ఒక గది. మీలో ఎవరైనా ఆ కాలేజీల్లో చదువుతుంటే, పనిచేస్తుంటే, మీ వార్డులో మిమ్మల్ని రోజూ వేధించే ప్రశ్న ఏమిటో, మీ ల్యాబులో ఖాళీగా ఉన్న పరికరం ఏమిటో కామెంట్లో రాయండి. రోగుల పేర్లు మాత్రం రాయొద్దు. వచ్చినవన్నీ ఆ విజ్ఞాపన పత్రానికి జతచేస్తాను.